రాళ్ళచెలమలో బయటి మనిషి

నమోదు 611. శనివారం

నీళ్ళ బండి ఆలస్యంగా వచ్చింది. ట్యాంకు వ్యాగన్ల చివర తగిలించిన ఒకే ఒక్క ప్రయాణికుల పెట్టెలో నుంచి ఆచార్య సువర్చల గారు దిగారు. చేతిలో సూట్‌కేసు, భుజాన తెల్లపొడి ఉన్న డబ్బా, మెడకు చుట్టుకున్న తడి తువ్వాలు. ప్రయాణం సుఖంగా జరిగిందా అని అడిగాను.

“ఈ నెలలో ఇది ఆరో ఊరండీ” అన్నారు.

అది నా ప్రశ్నకు జవాబేనని కొంతసేపటికి అర్థమైంది.

శాల గుమాస్తాగా సభకు ముందు నేను చేసిన పనులు, చేసిన వరుసలో:

1. వివరణశాల పైకప్పు మీది సౌరపలకలు తుడిచాను. దుమ్ము పడితే ఉపన్యాసం నడుమ మైకు మూగబోతుంది.
2. గ్లాసులు మూడు, రంగుచుక్కల సీసా ఒకటి, చీటీల డబ్బా బల్ల మీద పెట్టాను.
3. వెనుక గదిలో బయటి మనిషికి కుర్చీ వేశాను. చెవుల్లో పెట్టుకోవడానికి దూది, కాలక్షేపానికి గింజ తీయవలసిన చింతపండు కూడా ఉంచాను.
4. ఆచార్య గారికి మంచం వేశాను. నీళ్ళ బండి నీళ్ళు ఒక బిందె పెట్టాను. మా ఇంటి వాటాలో నుంచి తెచ్చాను. ఊరి బోరు నీళ్ళు అతిథికి ఇవ్వము.

బయటి మనిషిగా ఈసారి కూడా ఇడ్లీ కొట్టు మస్తానమ్మే. ఆ పని చేసినవారికి మధ్యాహ్న భోజనం ఉచితం కనుక మరొకరిని రానివ్వదు. ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ ఆమె వెనుక గదిలో ఏమీ వినకుండా కూర్చోవాలి. తరువాత సభలో నుంచి చీటీ తీసి ఎంచిన ఒకరు, తాము విన్నది ఆమెకు చెప్పాలి. అప్పుడు ఆమె మూడు గ్లాసుల ముందు నిలబడి, దేనిలో ఏమి జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో ముందుగానే చెప్పాలి. చెప్పినట్లు జరిగితే ఆ కొత్త వస్తువు ఊళ్ళోకి వస్తుంది. జరగకపోతే రాదు.

కనిపెట్టే పని యంత్రాలు చేస్తున్నాయి. వాటిని అర్థం చేసుకుని మనకు చెప్పే పని ఆచార్యులకు మిగిలింది. ఈ సభలు దండగ అనేవారు ఉన్నారు, కాని యంత్రాలిచ్చిన నీలివరి తిన్న కాలం వాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ వరి ఎందుకు అంతగా పండుతోందో ఎవరికీ తెలియలేదు. అందుచేత ఒక ఏడాది అది పండడం మానేసినప్పుడు ఏమి చేయాలో కూడా తెలియలేదు. నేను ఎనిమిదో తరగతి మానేసింది ఆ ఏడాదే. ఆ తరువాత చదివినదంతా ఈ శాల వెనుక వరుసలో కూర్చుని విన్నదే.

నమోదు 612. ఆదివారం

మొదటి సభ. హాలు నిండింది. ఫ్యాను గాలి కోసం వచ్చినవారు కొందరు, వినడానికి వచ్చినవారు కొందరు. వీరిని వేరువేరుగా లెక్క రాయడం ఎప్పుడో మానుకున్నాను.

ఆచార్య గారు బాగా చెప్పారు.

“ఈ తెల్లపొడిలో ప్రతి రేణువు మీదా కనిపించని కుర్చీలు ఉన్నాయనుకోండి. వాటిలో ముందే కొందరు కూర్చుని ఉంటారు. మీ బోరు నీళ్ళలో ఎముకల్ని వంచే ఫ్లోరైడు ఉంది కదా, అది వచ్చి వాళ్ళని లేపి తను కూర్చుంటుంది. కూర్చున్నది ఇక లేవదు. పైకి తేరిన నీళ్ళు మీరు తాగేయడమే.”

పిల్లల కుర్చీలాట గుర్తుకు వచ్చి సభ నవ్వింది. ఆ నవ్వు కోసం ఎంతసేపు ఆగాలో ఆమెకు ముందే తెలుసు. ఆగారు, ముందుకు సాగారు. ఆమె మాత్రం నవ్వలేదు.

చీటీ బడిపంతులు జోజప్ప మాస్టారికి వచ్చింది. నలుగురిలో మాట్లాడడం ఆయనకు వృత్తి. అయినా మస్తానమ్మ ఎదుట నిలబడగానే కుర్చీలు, రేణువులు కలగాపులగం అయ్యాయి.

“ఎవరు ఎవర్ని లేపింది మాస్టారూ? నిదానంగా చెప్పు. పెళ్ళిలో బంతి లేపినట్టు కంగారు పెట్టమాక” అన్నది మస్తానమ్మ.

గ్లాసుల్లో ఏమి కలపాలో కూడా చీటీలే తేలుస్తాయి. ఆ రోజు చీటీల్లో వచ్చిన గ్లాసులు ఇవి: ఉత్త బోరు నీళ్ళు, ఉప్పు కలిపిన బోరు నీళ్ళు, బూడిద కలిపిన బోరు నీళ్ళు. మూడింటిలోనూ ఒకే కొలత పొడి. రంగుచుక్క వేస్తే నీళ్ళు ఎర్రబడితే ఫ్లోరైడు పోయినట్లు, పచ్చబడితే ఉన్నట్లు.

“ఉప్పుది చెడిపోద్ది. ఉప్పెక్కువైతే ఏదైనా చెడిపోయేదే గదా” అన్నది మస్తానమ్మ.

ఉత్త నీళ్ళ గ్లాసు, ఉప్పు గ్లాసు ఎర్రబడ్డాయి. బూడిద గ్లాసు పచ్చబడింది. బూడిద వేస్తే ఎందుకు పని చేయలేదని ఎవరో అడిగారు. ఆచార్య గారు కాగితాలు తిరగేసి, “బూడిదలో సహజంగా పని చేయదండీ” అన్నారు. ఈ ‘సహజంగా’ అన్న మాట కింద గీత గీసి ఉంచుతున్నాను.

ఫలితం: అర్థం కాలేదు.

నమోదు 613. సోమవారం

రెండో సభ. అదే ఉపన్యాసం, అదే చోట నవ్వు. ఆదివారం అర్థం కాలేదు కనుక పుస్తకం ప్రకారం మస్తానమ్మ ఇంకా బయటి మనిషే. చీటీ వేరొకరికి వచ్చినా ఫలితం మారలేదు. మా దరఖాస్తుకు ఇక ఒక్క సభే మిగిలింది. అది కూడా శనివారం బండి కదిలేలోపు పూర్తి కావాలి. తప్పితే ఊరు మళ్ళీ వరుస చివరకు పోతుంది. క్రితంసారి ఆ వరుసలో నిలబడ్డప్పుడు నా భార్య నాగరత్న మెడ తిరిగేది. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంది.

సాయంత్రం ఆచార్య గారికి కాఫీ తీసుకువెళ్ళాను. ఆమె గొంతు పూర్తిగా పోయింది.

“మా విభాగంలో నలుగురమే ఉన్నాం యల్లమంద గారూ. యంత్రం కనిపెడుతూనే ఉంటుంది. మేము రైలెక్కుతూనే ఉంటాం. నిన్న రాత్రి కలలో కూడా మీ ఊరికే ఉపన్యాసం ఇచ్చాను. అక్కడా పాసవలేదు.”

నవ్వాలో వద్దో తెలియక గ్లాసు తీసుకుని వచ్చాను.

నమోదు 614. మంగళవారం

జోజప్ప మాస్టారు ఆదివారం నాటి అవమానం మరచిపోలేదు. ఉపన్యాసాన్ని చిన్న చిన్న వాక్యాలుగా విరిచి, లయ కట్టి, మస్తానమ్మ ఇడ్లీ కొట్టు అరుగు మీద ఊరివారందరి చేత వల్లె వేయిస్తున్నారు. చీటీ ఎవరికి వచ్చినా తడుముకోకూడదని ఆయన ఉద్దేశం.

“పొడి మీద కుర్చీలుండును! కుర్చీలలో వారిని ఫ్లోరైడు లేపును! లేపి తాను కూర్చొనును! కూర్చున్నది లేవదు!”

పిండి రుబ్బేవాళ్ళు, టైర్లకు పంక్చర్లు వేసేవాళ్ళు, నీళ్ళ కూపన్ల కోసం నిలబడినవాళ్ళు అందరూ అదే అంటున్నారు. ఆడపిల్లలు దానికి తాడాట ఆడుతున్నారు.

“మాస్టారూ, బట్టీ పడితే అర్థమైనట్లేనా?” అని అడిగాను.

“ఎక్కాలు బట్టీ పట్టే గదయ్యా నువ్వు లెక్కలు రాస్తుండావు. బట్టీ పట్టకూడదని నీ రూల్సులో యాడుందో చూపించు” అన్నారు.

రాత్రి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి వరకు చదివాను. ఎక్కడా లేదు.

నమోదు 615. బుధవారం

మూడో సభ. చీటీ పంక్చర్ల షాపు అంకబాబుకు వచ్చింది. వెనుక గది నుంచి మస్తానమ్మను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. అంకబాబు ఛాతీ విరిచి మొదలుపెట్టాడు.

“పొడి మీద కుర్చీలుండును…”

“కుర్చీలలో వారిని ఫ్లోరైడు లేపును” అన్నది మస్తానమ్మ, చేతిలోని చింతపండు నుంచి తల ఎత్తకుండానే.

హాలులోని తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

“ఏందట్టా చూస్తారు? నా కొట్టు అరుగు మీదనే గదా రెండు రోజుల్నించి అరుస్తుండారు. చెవుల్లో దూది పెట్టుకోని ఇడ్లీలు అమ్మమంటారా? కారప్పొడి అడిగినోడికి చక్కెర వేస్తాను మరి!”

బయటి మనిషికి విషయం ముందే తెలిసినందున సభ చెల్లలేదు. చెల్లనిది కనుక ఓడినట్లు కూడా కాదు. శనివారం లోపు మరొక బయటి మనిషి దొరికితే మళ్ళీ జరపవచ్చు. అంతవరకు బండి లేదు కనుక ఊళ్ళోనే దొరకాలి.

మధ్యాహ్నం నుంచి వెతికాను. విచారించినవారు, ఫలితం:

పోస్టుమాన్: వచ్చునని చేతులు తిప్పుతూ వినిపించాడు.
గుట్ట మీది దర్గా చూసుకునే ముజావరు: గుట్ట మీదికి బాగా వినిపిస్తుందట.
స్టేషను కానిస్టేబులు: సగం వచ్చు. మిగిలిన సగం నా నుంచి నేర్చుకోబోయాడు, వారించాను.
అంకబాబు బామ్మ, చెవులు వినపడవు: ఆమెకు పెదవుల కదలిక చూసి తెలిసిపోయింది.
ఉయ్యాలలోని బిడ్డలు: నిబంధన ప్రకారం మాట వచ్చి ఉండాలి.

ఊరంతా పాఠం నేర్చుకున్నది. కనుక ఆ పాఠం వినిపించడానికి ఊళ్ళో ఎవరూ మిగలలేదు.

నమోదు 616. గురువారం

జోజప్ప మాస్టారు నలుగురిని వెంటబెట్టుకుని శాలకు వచ్చారు.

“ఎవరో ఒకరి పేరు రాసేయ్ యల్లమందా. కూర్చోబెడతాం. తెలవనట్టు మొహం పెట్టడం ఎంత పని?”

“నిబంధన ఒప్పుకోదు మాస్టారూ.”

“నా బడి పిల్లల పళ్ళు చూశావా ఎప్పుడన్నా? పచ్చగా, గార పట్టినట్టు. ఆ రూలు తీసకొచ్చి వాళ్ళకి చూపించు. చూపించి, నవ్వండర్రా అని చెప్పు.”

నిబంధనల పుస్తకం మూశాను. ఆయన వెళ్ళేటప్పుడు తలుపు నెమ్మదిగానే వేశారు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

ఇంట్లో నాగరత్న డాక్టరు చెప్పినట్లు నీళ్ళు కాచి వడపోస్తున్నది. నా వైపు చూడడానికి స్టవ్వు దగ్గర నుంచి మొత్తం తిరిగింది.

“నా పేరు రాయి” అన్నది. “నేను సభకి రాలేదు గదా.”

“నీకు తెలియదా మరి?”

“పక్కింటామె బియ్యం చెరుగుతా పాడతావుంది, తెలవకేం. అయినా నాకు తెలుసని ఎవరికి తెలుసు? ఎర్రి మొహం వేసుకోని కూర్చుంటాను. ఇరవై ఏళ్ళు నీతో కాపరం చేశాను, ఆ మాత్రం రాదా?”

ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను. రాస్తే ఎవరూ తప్పు పట్టరు. రాయకపోతే ఆ మెడ వైపు రోజూ చూడవలసినవాణ్ణి నేనే.

కలం తీసుకున్నాను. బయటి మనిషి అన్న చోట ‘నాగ’ వరకు రాసి ఆగాను. ఎంతసేపు ఆగానో ఇక్కడ రాయను.

చీకటి పడకముందే శాలకు వెళ్ళి, జరిగినదంతా ఆచార్య గారికి చెప్పాను. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆమె మంచం మీద కూర్చుని పొడి డబ్బా మూతను తిప్పుతూ, తీస్తూ, మళ్ళీ తిప్పుతూ విన్నారు.

“ఆ పుస్తకంలో బయటి మనిషి అంటే ఎవరని ఉంది?”

“విషయము ఎరుగని వ్యక్తి.”

“అయితే నన్ను కూర్చోబెట్టండి.”

వేళాకోళం అనుకున్నాను.

“కాదండీ. ఇన్ని ఊళ్ళు తిరిగాను. నేను చెప్తాను, ఎవరో విని అప్పజెప్తారు, ఇంకెవరో ఏ గ్లాసు చెడుతుందో చూపిస్తారు. గ్లాసు చూపించమని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మొన్న బూడిద గ్లాసు పచ్చబడితే సహజం అన్నాను. ఎందుకు సహజమో నాకు తెలియదు. యంత్రం ఇచ్చిన వివరణ మీ మాస్టారి కంటే కాస్త ముందు బట్టీ పట్టానంతే.”

‘నాగ’ కొట్టివేసి, పక్కన చిన్న సంతకం పెట్టి, ఆమె పేరు రాశాను.

నమోదు 617. శుక్రవారం

చివరి సభ. ఈసారి వెనుక గదిలో ఆచార్య గారు కూర్చున్నారు. ఉపన్యాసం అందరికీ వచ్చు కనుక ఆమె బదులు సభే వల్లించింది. ఆమెకు తోడుగా మస్తానమ్మ కూడా కూర్చుని చింతపండు గింజలు తీయడం నేర్పింది.

“అంత లోతుగా గిల్లమాకమ్మా, గోరు మంట పుట్టుద్ది” అనడం తలుపు ఇవతలికి వినిపించింది.

చీటీ మళ్ళీ జోజప్ప మాస్టారికే వచ్చింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. చివరి వాక్యం దాకా ఆచార్య గారు తల ఊపుతూ విన్నారు.

“కూర్చున్నది లేవదు!”

“ఎందుకు లేవదండీ?”

మాస్టారు మరొకసారి, కొంచెం గట్టిగా, “కూర్చున్నది లేవదు” అన్నారు.

“అదే, ఎందుకని?”

“మీరే గదమ్మా చెప్పింది!”

“నేనే చెప్పాను. ఎందుకో చెప్పలేదు.”

వెనుక వరుసలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

చీటీల్లో వచ్చిన గ్లాసులు: ఉత్త బోరు నీళ్ళు, పంచదార కలిపినవి, కాచి చల్లార్చినవి. ఆచార్య గారు బల్ల ముందు చాలాసేపు నిలబడ్డారు. “పంచదార అడ్డం రాదు. కాస్తే ఫ్లోరైడు ఎక్కడికీ పోదు, కొత్తగా రాదు. మూడూ ఎర్రబడతాయి” అన్నారు.

పొడి వేశాను. తేరుకునే దాకా ఆగాను. చుక్కలు వేశాను.

మొదటిది ఎరుపు. రెండోది ఎరుపు. కాచిన నీళ్ళు పచ్చగా నిలబడ్డాయి.

రాళ్ళచెలమలో నీళ్ళు కాచని ఇల్లు లేదు.

ఆచార్య గారు ఆ పచ్చ గ్లాసును కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి వెలుగులో చూశారు. పోయిన గొంతుతోనే, ఎవరితోనో కాక తనతోనే అన్నట్లు మాట్లాడడం మొదలుపెట్టారు.

“బూడిద… కాచిన నీళ్ళు… ఈ రెండింటిలో ఉన్నది ఒక్కటే. క్షారం. ఇలాంటి బోరు నీళ్ళు మరిగిస్తే క్షారగుణం పెరుగుతుంది. ఇది పదో తరగతి పాఠమండీ! ఇన్నేళ్ళలో ఆ పాఠం నాకు అవసరమే పడలేదు.” మా వైపు తిరిగారు. “ఆ క్షారానికి కూడా ఆ కుర్చీలే కావాలి.”

మస్తానమ్మ లేచి నిలబడింది. “అయితే కూర్చున్నది లేస్తది!”

“లేస్తుందమ్మా. వెనకాల గట్టిగా తోసేవాడు ఉంటే లేస్తుంది. పులుపు తగిలితే ఆ క్షారం విరుగుతుంది. నిమ్మకాయ ఉందా ఎవరి దగ్గరైనా?”

కొట్టు పక్కనే కనుక వెంటనే వచ్చింది. కాచిన నీళ్ళు మరొక గ్లాసులో పోసి, సగం చెక్క పిండి, పొడి వేసి, తేరనిచ్చి చుక్క వేశారు. ఎరుపు. హాలులో పాతిక మంది ఒక్కసారి ఊపిరి వదిలారు.

“ఇంగేం, రాయి! అర్థమైంది గదా అందరికీ!” అన్నారు జోజప్ప మాస్టారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాకు కూడా అర్థమైంది. కాని బయటి మనిషి చెప్పినది జరగలేదు. రాశాను.

ఫలితం: అర్థం కాలేదు.

నిమ్మ పిండిన గ్లాసును అంకబాబు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఊళ్ళోకి ఇంకా అనుమతి రాని పొడి వేసిన నీళ్ళు ఎవరూ తాగకూడదు. పైగా అందులో చుక్కల మందు ఉంది. అడిగి తీసుకుని, అందరూ చూస్తుండగా గుమ్మం పక్కన పారబోశాను. ఎర్రని తడి మట్టిలోకి ఇంకే వరకు ఎవరూ కదలలేదు. “నీకు చేతులెట్టా వచ్చినయ్యా” అన్నది మస్తానమ్మ. తిట్టినట్లు అనలేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్లే అడిగింది.

ఇంటికి వెళ్ళేసరికి నాగరత్నకు అంతా తెలిసింది. కాచిన నీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నది.

“పారబోశావంట.”

“పారబోశాను.”

“నువ్వు నిన్న నా పేరు రాసుంటే ఏమయ్యేది?”

“ఏదో ఒక గ్లాసు చూపించేదానివి. కలిసివస్తే పాసయ్యేవాళ్ళం. పొడి వచ్చేది.”

“వస్తే నేను దీంట్లోనే గదా వేసుకునేది.” గిన్నెను వేలితో కొంచెం అవతలికి జరిపింది. “మందేసుకున్నాలే అని ధైర్యంగా రెండు గ్లాసులు ఎక్కువే తాగేదాన్ని.”

మెడకు నూనె రాశాను.

నమోదు 618. శనివారం

బండి వచ్చింది, నీళ్ళు దించింది. ఆచార్య గారు స్టేషనుకు వచ్చారు కాని సూట్‌కేసు తేలేదు. గార్డు చేతికి ఒక ఉత్తరం ఇచ్చారు. ఇచ్చే ముందు నాకు చదివి వినిపించారు. తన వివరణ తప్పని, దాన్ని సరిచేసి ఈ ఊరి దరఖాస్తును మళ్ళీ వరుసలో పెట్టమని అందులో రాశారు. ఈసారి సభకు బయటి మనిషి రాళ్ళచెలమలో దొరకడు కనుక, తన విభాగంలో మిగిలిన ముగ్గురు ఆచార్యులలో ఎవరినైనా ఒకరిని పంపమని కూడా రాశారు.

“వస్తారంటారా?” అని అడిగాను.

“చెప్పడానికైతే రమ్మంటే వచ్చేస్తారు. వినడానికి ఎప్పుడూ ఎవరూ పిలవలేదు కదా. చూద్దాం.”

ఎప్పటికి వస్తారో తెలియదు. అప్పటి వరకు పొడి డబ్బా శాల బీరువాలో ఉంటుంది. తాళం నా దగ్గర ఉంటుంది. ఆ బీరువా ముందు నుంచి రోజూ నడవాలి.

చేయవలసిన పనులు:

1. ఆచార్య గారి వాటా నీళ్ళకు కూపను రాయించాలి.
2. నిమ్మకాయలు ఎక్కడ చవకో కనుక్కోవాలి.
3. కొత్త పాఠానికి లయ కట్టవద్దని జోజప్ప మాస్టారిని బతిమాలాలి.
4. వెనుక గదిలో మంచి కుర్చీ వేయాలి. దూది మార్చాలి. చింతపండు గింజ తీయడం ఎలాగో వచ్చే ఆచార్యులకు ఎవరు నేర్పుతారో మస్తానమ్మను అడగాలి.